గుడ్లు తీసేసే కొద్దీ పెడుతూనే ఉంది

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పొడవైనది కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

బాల్కనీలో ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తున జాలీ గది కట్టించి అయిదు రింగ్‌నెక్ గువ్వల్ని పెంచుతున్నారు. రెండు తెల్లవి, మూడు గోధుమ రంగువి. గూళ్ల కోసం అయిదంగుళాల ప్లాస్టిక్ గిన్నెలు రెండు పెట్టారు. ఒకటి పైమూలలో ఉంది, ఇంకొకటి నడుమెత్తులో. తెల్లవి రెండూ ఎప్పుడూ జంటగానే తిరుగుతాయి, ఒకదాని మెడ ఒకటి దువ్వుకుంటాయి. కింది గిన్నెలో నాలుగు గుడ్లు పెట్టి, రెండూ పక్కపక్కనే ఇరుక్కుని కూర్చుని మూడు వారాలకు పైగా పొదిగాయి. ఒక్కటీ పిల్ల కాలేదు.

పై గిన్నె గోధుమ రంగు జంటది. మొదటిసారి ఒక గుడ్డు కిందపడి పగిలింది, రెండోది ఈవిడే తీసి పారేశారు. పది రోజుల్లో మళ్లీ రెండు. పిల్లలు వద్దనుకుని వాటినీ తీసేశారు. ఇంకో పది రోజులకి మళ్లీ రెండు. ఈసారి వదిలేస్తే ఒక పిల్ల బయటికొచ్చింది, రెండోది గుడ్డులోనే చచ్చిపోయింది. బతికిన పిల్లకు ఆరో రోజుకల్లా కాళ్లు చెరోపక్కకి జారిపోయాయి. తొమ్మిదో రోజు పొద్దున అది గిన్నెలో చనిపోయి ఉంది. వారం పైచిలుకులో పెట్ట మరో గుడ్డు పెట్టింది. పెంకు వేలితో నొక్కితే సొట్టపడేంత పలచన. రెండోది రాలేదు. ఆ పెట్ట ఇప్పుడు ఒళ్లు ఉబ్బరించుకుని నేల మీదే కూర్చుంటోంది. జంట లేని అయిదో గువ్వ రోజంతా పై గిన్నె అంచు మీద వాలి, వంగి కూస్తూ గొడవపడుతోంది. పదేళ్ల కూతురు “గుడ్లు పారేసింది నువ్వే” అని తల్లితో మాట్లాడటం మానేసింది. భర్త అన్నిటినీ ఎవరికైనా ఇచ్చేద్దాం, లేదంటే బయట వదిలేద్దాం అంటున్నారు. అత్తగారు అసలు గూటి జోలికే పోవద్దంటున్నారు. “తప్పు నాదేనా? ఇప్పుడేం చేయాలి?” అని అడుగుతున్నారు.

సమాధానం:

నేల మీద కూర్చున్న పెట్టను ఈపాటికే పక్షుల డాక్టర్‌కి చూపించారనుకుంటాను. చూపించకపోతే మిగతాది తర్వాత చదవండి, ముందు ఆ పని చూడండి. మీరు ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంగా రాసిన ఆ సంగతిలోనే అన్నిటికన్నా తొందర ఉంది.

రింగ్‌నెక్ పెట్ట మొదటి గుడ్డు సాయంత్రం పూట పెడుతుంది, రెండోది సుమారు నలభై గంటల తర్వాత, అంటే మూడో రోజు పొద్దున. ఆ వేళ దాటిపోయినా రెండో గుడ్డు రాకుండా, పెట్ట ఉబ్బరించుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఆడిస్తుంటే గుడ్డు లోపల అడ్డుపడిందని అనుమానించాలి. వరసగా గుడ్లు పెట్టి ఒంట్లో కాల్షియం కరిగిపోయిన పెట్టల్లో ఇది ఎక్కువ. పెంకు గట్టిపడటానికే కాదు, గుడ్డును బయటికి నెట్టే కండరం బిగుసుకోవడానికీ కాల్షియమే కావాలి. అందుకే పలచని పెంకు వెంబడే ఈ ఇబ్బంది వస్తుంది. డాక్టర్ దొరికేదాకా చిన్న పెట్టెలో మెత్తని గుడ్డ పరిచి, 30 డిగ్రీల దగ్గర వెచ్చగా, కాస్త చెమ్మగా, చీకటిగా ఉంచండి. తాగడానికి నీళ్లు అందేలా పెట్టండి. పొట్ట నొక్కి గుడ్డు తీయాలని మాత్రం చూడకండి. అంత పలచని పెంకు లోపలే పగిలితే ఇక పక్షి దక్కడం కష్టం. ఇలాంటప్పుడు రోజులు కాదు, గంటలు లెక్కపెట్టుకోవాలి.

ఆ పెట్ట కోలుకున్నదనే అనుకుని మిగతాది చెబుతాను.

మీరు అంతా ఒకే సమస్యగా రాశారు గానీ, మీ జాలీ గదిలో మూడు వేరు వేరు సంగతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాటిలో తేలికైనది తెల్లవాటిది. అవి రెండూ పెట్టలే. ఒక పెట్ట ఒక విడతకి పెట్టేది రెండు గుడ్లు. గిన్నెలో నాలుగున్నాయంటే ఇద్దరు తల్లులున్నట్టే. పైగా అసలైన జంట వంతులు వేసుకుని పొదుగుతుంది గానీ ఇలా పక్కపక్కన ఇరుక్కుని కూర్చోదు. రింగ్‌నెక్‌లలో ఆడామగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పెట్టలు కూడా కూస్తాయి, వంగుతాయి, ఒకదాన్నొకటి దువ్వుకుంటాయి. ప్రవర్తన చూసి జంట అనుకోవడం మామూలే. ఖాయంగా తెలియాలంటే ఈకతో డీఎన్‌ఏ పరీక్ష చేయించాలి. ఈ రెండింటి వల్లా ఏ ప్రమాదమూ లేదు, వట్టి గుడ్లు పొదుగుతూ హాయిగానే ఉంటాయి. కాకపోతే వాటికీ కాల్షియం ఖర్చవుతూనే ఉంటుందని మరచిపోకండి.

రెండోది గోధుమ రంగు జంట. మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

గువ్వకు గుడ్డు ఉన్నట్టుండి వచ్చిపడేది కాదు. మొదట మగది మెడ ఉబ్బించి, పెట్ట ముందు వంగి వంగి కూస్తుంది. ఆ తర్వాత గిన్నెలోకి దిగి, తల కిందికీ తోక పైకీ పెట్టి, రెక్కల కొసలు అదిలిస్తూ వేరే రకంగా కూస్తుంది. చోటు చూపించడం అన్నమాట. పెట్టకు నచ్చితే వచ్చి గిన్నెలో కూర్చుంటుంది. అప్పుడు మగది పుల్లలు మోయడం మొదలుపెడుతుంది, ఒక్కో విడతకి ఒక్కటే పుల్ల. దగ్గర నిలబడి చూడండి. తెచ్చిన పుల్లను ఎదురుగా వచ్చి అందించదు. పెట్ట వీపు మీదికెక్కి భుజం మీదుగా ముందు పెడుతుంది. పెట్ట దాన్ని ముక్కుతో అందుకుని, గిన్నెలో గుండ్రంగా తిరుగుతూ తన పొట్ట కిందకీ పక్కలకీ దోపుకుంటుంది. ఈ తతంగమంతా కలిపి వారం నుంచి పది పదకొండు రోజులు. ఆ తర్వాతే గుడ్డు.

అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో డేనియల్ లెర్మన్ 1950, 60 దశకాల్లో ఈ గువ్వల మీదే పనిచేసి చూపించింది ఇదే. ఒక్కో మెట్టు తర్వాతి మెట్టుకు కావలసిన హార్మోన్లను ఒంట్లో పుట్టిస్తుంది. మధ్యన గాజు పలక ఉన్నా సరే, అవతల మగది వంగి కూస్తుంటే ఇవతల పెట్ట అండాశయం ఎదగసాగుతుంది. పొదగడం మొదలయ్యాక వేరే హార్మోను పైచేయి అవుతుంది, కొత్త గుడ్లు ఆగిపోతాయి. మీరు గుడ్లు తీసేసిన ప్రతిసారీ ఆ జంట పొదిగే మెట్టు మీదినుంచి మళ్లీ కూతల మెట్టుకు జారింది. పది రోజులకి మళ్లీ గుడ్డు. మీ లెక్క, వాటి లెక్క సరిగ్గా సరిపోయాయి చూడండి.

కాబట్టి తప్పు గుడ్లు తీయడంలో లేదు, తీసిన చోట ఏమీ పెట్టకపోవడంలో ఉంది. పిల్లలు వద్దనుకుంటే రెండో గుడ్డు వచ్చిన రోజే రెండింటినీ తీసి, అదే సైజు ఉత్తుత్తి గుడ్లు పెట్టాలి. కొయ్యవైనా సరే, ప్లాస్టిక్‌వైనా సరే, పొడవు మూడు సెంటీమీటర్లు, లావు రెండుంబావు ఉంటే చాలు. అవి దొరక్కపోతే అసలు గుడ్లనే పది నిమిషాలు ఉడకబెట్టి, పూర్తిగా చల్లార్చి, పెన్సిల్‌తో గుర్తుపెట్టి తిరిగి గిన్నెలో పెట్టండి. ఆ దశలో లోపలి ఎదుగుదల నామమాత్రం. పక్షులు రెండు వారాలు పొదుగుతాయి, ఇంకో నాలుగైదు రోజులు చూస్తాయి, తర్వాత వాటంతట అవే లేచిపోతాయి. అప్పటిదాకా తీయకండి. ఇలా చేస్తే పెట్టకు మూడు వారాల విరామం దొరుకుతుంది.

ఇంకా ఎక్కువ విరామం కావాలంటే వెలుతురు తగ్గించాలి. రాత్రి పదకొండు దాకా బాల్కనీ లైటు వెలుగుతుంటుందని రాశారు. పగలు పద్నాలుగు గంటలుంటే గువ్వలకు అది గూడు కట్టే కాలం. లైటు ఆపేసి, సాయంత్రం పెందలాడే ఓ పక్క తెర దించి, వెలుతురు పది గంటలకు మించకుండా చేస్తే కూతలు తగ్గుతాయి. గిన్నె ఒక్కటే తీసేస్తే లాభం లేదు, గింజల పళ్లెంలో పెడుతుంది.

కాల్షియం మాట కూడా ఇక్కడే చెప్పాలి. గింజల్లో అది దాదాపు లేనట్టే. చాలామంది కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని తెల్లటి సున్నపు పెంకు) ముక్క జాలీకి కట్టి నిశ్చింతగా ఉంటారు. చిలకలకైతే అది చాలు. గువ్వకు కొరికే ముక్కు లేదు, దొరికింది మింగడమే. కటిల్‌బోన్‌ను కత్తితో గీకి పొడిచేసి, ఆల్చిప్పల రవ్వతో కలిపి, గింజల్లో కలపకుండా విడిగా చిన్న గిన్నెలో ఎప్పుడూ ఉంచండి. అది ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 కావాలి, దానికి ఎండ నేరుగా తగలాలి. కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండ వెలుతురుకే పనికొస్తుంది. మీది జాలీయే కనుక ఆ బెంగ లేదు, కాస్త నీడ వసతి మాత్రం చూడండి.

ఇక చనిపోయిన పిల్ల. కాళ్లు జారిపోవడానికి బహుశా మీ ప్లాస్టిక్ గిన్నే కారణం. అడుగు నున్నగా ఉంటే పిల్లకు పట్టు దొరకదు, పైన తల్లి బరువు, దాంతో కాళ్లు చెరో దిక్కుకి పోతాయి. పైగా అయిదంగుళాల గిన్నె డైమండ్ డవ్ అనే చిన్న జాతి గువ్వకి సరిపోతుంది, రింగ్‌నెక్‌కి చాలదు. ఏడెనిమిది అంగుళాల వెడల్పు, రెండు మూడు అంగుళాల లోతు ఉన్న మట్టి మూకుడో వెదురు బుట్టో కావాలి. మీ గుడ్డు కిందపడటానికి కూడా ఇదే మూలం. చాలని గిన్నె, అందులో నాలుగే పుల్లలు, అంచు మీద ఇంకో పక్షి. మూకుడు అడుగున కొబ్బరిపీచు చాపను గుండ్రంగా కత్తిరించి, దారాలు ఊడకుండా అంచు కుట్టి అతికించండి. దాని మీద సగం గూడు మీరే కట్టేయండి, మిగతా సగం వాటికి వదిలేయండి. గువ్వలు ఎంత మంచి తల్లిదండ్రులో అంత చెడ్డ మేస్త్రీలు, నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా వేసి అయిందనుకుంటాయి. పుల్లలు నాలుగు నుంచి ఆరు అంగుళాల పొడవు, అగ్గిపుల్ల కంటే సన్నం ఉండాలి. సరుగుడు, పైన్ లాంటి చెట్ల సూది ఆకులు, ఎండిన గడ్డి కాడలు, చీపురు పుల్లల కొసలు బాగా పనికొస్తాయి. గూడు కట్టే రోజుల్లో పొద్దున్నే ఓ గుప్పెడు నేల మీద చల్లండి, ఏరుకోవడం మగదానికి ఇష్టమైన పని. దూది, దారం, వెంట్రుకలు, నైలాన్ పోగులు వద్దు. పిల్ల వేలికి చుట్టుకుంటే వేలు నల్లబడి ఊడిపోతుంది.

ఈసారి పిల్ల కాళ్లు ఎడమవుతున్నట్టు కనిపిస్తే మొదటి వారంలోనే, మెత్తని బ్యాండేజీ టేపుతో రెండు కాళ్లనీ మామూలుగా నిలబడేంత ఎడంలో కలిపి వదులుగా కట్టి, మూడు నుంచి అయిదు రోజులు ఉంచితే చాలావరకు సర్దుకుంటాయి. రోజూ విప్పి రక్తం ఆడుతోందో లేదో చూడాలి. రెండు వారాలు దాటాక కడితే ఎముకలు అప్పటికే గట్టిపడి ఉంటాయి.

కానీ కాళ్లు జారినంత మాత్రాన తొమ్మిదో రోజు చావదు. మొదటి నాలుగైదు రోజులు తల్లీతండ్రీ ఇద్దరూ గొంతుసంచిలో తయారయ్యే పాలే పడతారు, ఆ తర్వాత గింజలు కలుపుతూ పోతారు. గువ్వల్లో క్యాంకర్ అనే జబ్బు ఉంది. ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. పెద్దవాటిలో బయటికి ఏమీ తెలియకుండానే ఉండి, ఆ పాలతో పాటు పిల్లకు ఎక్కుతుంది. నోరు తెరిచి చూస్తే పసుపుపచ్చగా, జున్నులాంటి ముద్దలు గొంతులో కనిపిస్తాయి, చెడు వాసన వస్తుంది. మీరు చూసి ఉండరు, కనుక అదేనని చెప్పలేం. మళ్లీ పిల్లల్ని తీయాలనుకుంటే మాత్రం ముందు తల్లిదండ్రుల గొంతు నుంచి నమూనా తీయించి పరీక్ష చేయించండి. మందు మోతాదు డాక్టరే చెప్పాలి. అయిదో గువ్వ వల్ల తల్లి గిన్నె దిగి కొట్లాటకి పోతుంటే, ఇంకా ఈకలు సరిగా రాని పిల్ల చలికి చావడమూ సాధ్యమే.

ఆ అయిదోదే మూడో సంగతి. అది రోజంతా వంగి కూస్తోందంటే బహుశా మగది. ఒక జంట గూడు కట్టుకున్న చోట ఒంటరి మగది ఉంటే పోరు ఆగదు. దీనికి దారులు రెండు మూడున్నాయి, ఏదీ ఉచితం కాదు. ఆరడుగుల గదిని ప్లైవుడ్ పలకతో నాలుగూ రెండుగా విడదీసి, పెద్ద భాగం జంటకిచ్చి, అయిదోదాన్ని తెల్లవాటితో ఉంచవచ్చు. అడ్డుగా జాలీ పెడితే చాలదు, కనిపిస్తూ కూస్తూనే ఉంటాడు గదా. కానీ ఆ ఇరుకు భాగంలో అది తెల్లవాటిలో ఒకదానితో జత కడితే రెండోది దెబ్బలు తినే వంతుకి వస్తుంది, అక్కడా నిజమైన గుడ్లు మొదలవుతాయి. అయిదోదానికి ఒక పెట్టను తెస్తే అది కుదుటపడుతుంది, అయితే ఇంత చోటులో ఆరు పక్షులంటే ప్రతి విడతా గొడవే. గువ్వలు పెంచే మరో ఇంటికి, జోడీ దొరికే చోటికి దాన్ని ఒక్కదాన్నీ ఇచ్చేస్తే మిగిలిన నాలుగూ సర్దుకుంటాయి. మీ చోటు కొలతలు చూస్తే నాకు మూడోదే సబబనిపిస్తోంది. ఏది చేసినా గిన్నెలు రెండూ ఒకే ఎత్తులో పెట్టండి, మధ్యలో పలక అడ్డం ఉండాలి. ఎత్తు తేడా ఉంటే అన్నిటికీ పైదే కావాలి. ఒక గిన్నె అదనంగా ఉండటం కూడా మంచిదే. గిన్నె మీదుగా వాలే కర్ర ఉంటే రెట్టలన్నీ గుడ్ల మీదే పడతాయి, దాన్ని పక్కకి జరపండి.

పిల్లలు కావాలా వద్దా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. కావాలంటే ఈ పెట్టకు కనీసం రెండు మూడు నెలలు ఉత్తుత్తి గుడ్లతో విశ్రాంతినిచ్చి, ఒకే ఒక్క విడత తీయనివ్వండి. పధ్నాలుగు రోజులకు పిల్లలు, మరో రెండు వారాలు దాటాక గూడు దిగుతాయి, నాలుగైదు వారాలకు సొంతంగా తింటాయి. గూడు దిగిన కొత్తల్లో ఎగరలేక నేల మీదే ఉంటాయి కాబట్టి గింజలూ నీళ్లూ కింద కూడా పెట్టాలి. అప్పటికే తల్లి మళ్లీ గుడ్లకు సిద్ధమైతే తండ్రి పిల్లల తలలు రక్తాలు కారేలా పొడవడమూ ఉంది. అందుకే ఆ గుడ్లను కూడా మార్చేసి, తిండి నేర్చిన పిల్లల్ని వేరే పంజరంలోకి మార్చాలి. ఆపకుండా వదిలేస్తే విడతకి రెండు చొప్పున ఏడాదికి పది పిల్లలకు తక్కువ కావు. అయిదారు నెలలకు అవీ గుడ్లు పెడతాయి, తోబుట్టువులే జత కడతాయి. ఎవరికిస్తారో ముందే తెలిస్తేనే ఆ దారి పట్టండి.

మీవారు ఎవరికైనా ఇచ్చేద్దామన్నది ఒప్పుకోదగ్గ మాటే. జంటను విడదీయకుండా, తెల్లవాటిని విడదీయకుండా ఇస్తే వాటికి నష్టం లేదు. బయట వదిలేయడం మాత్రం ఇవ్వడం కాదు, చంపడమే. ఇవి తరతరాలుగా బోనులో పుట్టినవి, తిండి వెతుక్కోవడం తెలియదు, ఇంటికి తిరిగొచ్చే పావురాల తీరు వీటికి లేదు, తెల్లవి ఆకాశంలో అర కిలోమీటరు నుంచి డేగకు కనిపిస్తాయి.

అత్తగారి మాట సగం నిజం. చెయ్యి తగిలిందని గువ్వ గుడ్లను వదిలేయదు, పగలు రోజూ ఒకే వేళకు నెమ్మదిగా వెళ్లి చూస్తే అలవాటు పడుతుంది. రాత్రి పూట మాత్రం ఆవిడ చెప్పిందే రైటు. చీకట్లో బెదిరి గిన్నె దిగిన పెట్టకు తిరిగి దారి కనబడదు, తెల్లారేసరికి గుడ్లు చల్లబడి ఉంటాయి. ఎలక వచ్చినా అంతే. జాలీ కన్ను పావంగుళానికి మించకూడదు. చిన్న నైట్ ల్యాంపు ఒకటి వెలుగుతుంటే బెదురు తగ్గుతుంది.

పాపకు క్యాలెండర్ అప్పగించండి. మొదటి గుడ్డు ఏ సాయంత్రం, రెండోది ఏ పొద్దున అన్నది తనే రాయాలి. అయిదారు రోజులయ్యాక గుడ్డును చీకట్లో చిన్న టార్చి మొన మీద పెట్టి చూపించండి. జీవమున్న గుడ్డులో సాలెపురుగు కాళ్లలా ఎర్రటి నరాలు పాకి ఉంటాయి, వట్టి గుడ్డు పసుపుగా తేటగా ఉంటుంది. ముందు తెల్లవాటి గుడ్లతో మొదలుపెడితే, అవి ఎందుకు పిల్లలు కాలేదో తనకే తెలుస్తుంది.

ఆఫీసు నుంచి రాగానే అయిదింటికి గింజలు వేస్తానని కూడా రాశారు. గువ్వల్లో పగటి వంతు మగదానిది, సాయంత్రం నుంచి మర్నాడు పొద్దెక్కేదాకా పెట్టది. ఆ వంతు మారే వేళా, మొదటి గుడ్డు పెట్టే వేళా కూడా సరిగ్గా మీ గింజల వేళే. తలుపు చప్పుడుకి రెండూ దిగి పళ్లెం దగ్గరికొస్తే గిన్నె ఖాళీ. గింజలు పొద్దున బయల్దేరే ముందు వేసేయండి, సాయంత్రం జాలీ బయట నిలబడి చూడటం వరకే.